ముప్పదియైదవ యేట ప్రవేశపరీక్ష



పరీక్షలనునవి బాల్యముతోను తొలియౌవనముతోను ముగిసిపోవు వ్యవహారమని లోకము సామాన్యముగా తలంచుచుండును గాని, మా ఖరగ్‌పూరు వంటి రైల్వే పట్టణమున ఆ తలంపునకు ఎన్నడును చోటు లేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే వారు పంతొమ్మిదవ శతాబ్ది చివరి సంవత్సరములలో ఈ ఎఱ్ఱమట్టి నేలపై స్టేషనును, దాని వెనువెంట కార్ఖానాను నెలకొల్పుటకు పూనుకొన్న నాటినుండి, శ్రీకాకుళ విజయనగర విశాఖపట్టణ ప్రాంతములను విడిచి ఈ దారి పట్టి వచ్చిన మన తెలుగువారు ఖలాసీలుగా పనిలో చేరి, ట్రేడు టెస్టు ఇచ్చి ఫిట్టర్లై, మఱల ట్రేడు టెస్టు ఇచ్చి పై గ్రేడునకు పోయి, ఆడపిల్లలకు సంబంధములు చూచు వయస్సున డిపార్టుమెంటు సెలక్షనుకు కూర్చుండి, సూపర్‌వైజర్లై పింఛను పుచ్చుకొనిరి. తల నెరసిన గార్డు జనరల్ అండ్ సబ్సిడియరీ రూల్సు పుస్తకమును ఒడిలో పెట్టుకొని, రిఫ్రెషరు కోర్సునకు బయలుదేరుటకు ముందు, ఇంటరు చదువుచున్న కొడుకుచేత ప్రశ్నలు అడిగించుకొనుట ఇచ్చట ఎవరికిని వింత గాదు. పెద్దవయస్సున పరీక్షకు చదువుటను గూర్చి మాటలాడుటకు ఇంతకంటె తగిన ఊరు మఱియొకటి ఉండునని నేననుకొనను.

అయితే నేడు ప్రస్తావింపబూనినది రైల్వే వారి పరీక్ష గాదు. మేనేజ్‌మెంటు విద్యాలయములలో ప్రవేశమునకై జరుగు పరీక్ష. రైల్వే సెటిల్‌మెంటునకు వెలుపలనున్న మా ఇందా పేటలో, ఏ ఈశ్వరుని వలన ఈ పట్టణమునకు ఆ పేరు కలిగినదని పెద్దలు చెప్పుదురో ఆ ఖడ్గేశ్వరుని ఆలయమున్నది. 1949లో స్థాపితమైన ఖరగ్‌పూరు కాలేజీయు ఉన్నది. క్వార్టరు ఖాళీ చేసిన పిమ్మట కట్టుకొన్న చిన్న చిన్న డాబా ఇండ్లును ఉన్నవి. ఆ ఇండ్లలో ఇటీవల రాత్రి పదకొండు దాటిన తరువాత దీపము వెలుగుచున్న గదిలో తొంగిచూచితిరేని, పుస్తకము ముందు కూర్చున్నది పిల్లవాడు గాక పిల్లవాని తండ్రియో తల్లియో అయియుండుట తటస్థించుచున్నది. వారు చదువుచున్నది ఆ ప్రవేశమునకై జరుగు క్యాట్ పరీక్షకు.

ఈ జాతి పరీక్షలకు పుట్టినిల్లు అమెరికా. అచ్చటి వ్యాపారవిద్యాలయములు కొన్ని కూడి 1954లో తొలిసారి జరిపిన పరీక్షయే 1976లో జీమ్యాట్ అను పేరు దాల్చినది. మన దేశమున 1961 నవంబరులో కలకత్తాలోను, ఆ మరుసటి నెలలోనే అహమ్మదాబాదులోను ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంటులు వెలసినవి; మొదటిదానికి మసాచుసెట్స్ వారి స్లోన్ స్కూలును, రెండవదానికి హార్వర్డు వారును చేయూత నిచ్చిరి. వానికంటె పండ్రెండేండ్లు ముందుగనే జెసూయిట్ గురువులు జంషెడ్‌పూరులో ఎక్స్.ఎల్.ఆర్.ఐ.ని స్థాపించియుండిరి. కలకత్తా ఒక వంక, జంషెడ్‌పూరు ఒక వంక, రెంటికిని మా స్టేషనునుండి పగటి బండ్లున్నవి. కాని ఒక తరము వారికి ఆ రెండు ఊళ్లును ఉద్యోగమునకును, ఆసుపత్రికిని, పెండ్లి బట్టలకును పోవలసిన ఊళ్లే గాని చదువుకొనబోవలసిన ఊళ్లుగా తోచలేదు.

ఊరిలోనే ఉన్న ఐ.ఐ.టి. సంగతి మఱియొక విధము. హిజ్లీ నిర్బంధ శిబిరపు భవనమున ఆ సంస్థ 1951లో ప్రారంభమైనది. 1931 సెప్టెంబరు 16వ తేదీన ఆ శిబిరములోని నిరాయుధులైన రాజకీయ ఖైదీలపై కాల్పులు జరుగగా సంతోషకుమార మిత్ర, తారకేశ్వర సేన్‌గుప్త అనువారు అసువులు బాసిరి. నాడు లోపలివారు ఎప్పుడు బయటపడుదుమా అని చూచిన చోటికి నేడు బయటివారు ఎట్లు ప్రవేశింతుమా అని దేశము నలుమూలలనుండి చూచుచుండుట చరిత్ర యొక్క వినోదములలో నొకటి. ఆ ఆవరణమునందే 1993లో, అచ్చటనే చదివిన వినోద్ గుప్తాగారి విరాళముతో, ఐ.ఐ.టి.లన్నిటిలోను మొట్టమొదటి మేనేజ్‌మెంటు విద్యాలయము వెలసినది. దానిలో ప్రవేశమునకును నేడు క్యాట్ పరీక్షయే ద్వారము. ఇందా కూడలిలో ఆటో ఎక్కినవాడు తీరికగా చేరగల దూరమున అట్టి విద్యాలయముండగా, పదునైదేండ్లు కార్ఖానాలో పనిచేసి, తన పైకి వచ్చుచున్న ఇరువదియాఱేండ్ల అధికారులను చూచుచున్న వానికి, నేనేల పోరాదు అను ప్రశ్న పుట్టుట సహజము. క్యాట్ పరీక్షకు వయఃపరిమితి లేదు. డిగ్రీలో నూటికి 50 మార్కులు, షెడ్యూల్డు కులములవారికిని తెగలవారికిని వికలాంగులకును 45 మార్కులు ఉండిన చాలును. ఈ వయఃపరిమితి లేకపోవుటయే ఆశ. ఆ ఆశయే అర్ధరాత్రి దీపము.

పరీక్ష స్వరూపమును క్లుప్తముగా చెప్పెదను. 2009నుండి ఇది కాగితముమీద గాక కంప్యూటరు ఎదుట జరుగుచున్నది. మొత్తము 120 నిమిషములు. మూడు భాగములు, ఒక్కొక్కదానికి 40 నిమిషములు. మొదటిది ఆంగ్లపఠనము, రెండవది పట్టికలును చిక్కుముడులును, మూడవది గణితము. ఒక భాగపు కాలము ముగియనిదే రెండవదానికి పోరాదు. పోయిన పిమ్మట వెనుకకు రారాదు. 2024లో మూడు భాగములలోను కలిపి 68 ప్రశ్నలు వచ్చినవి. ఒప్పునకు 3 మార్కులు. నాలుగు జవాబులలో నొకదానిని ఎన్నుకొనవలసిన ప్రశ్నలో తప్పునకు ఒక మార్కు కోత. జవాబును మనమే టైపు చేయవలసిన ప్రశ్నలలో కోత లేదు. పిమ్మట మార్కులతోపాటు, ఎంతమందిని దాటితిమను లెక్కను పర్సంటైలు అను పేర ప్రకటింతురు. 2023లో ఈ పరీక్షకు సుమారు 2 లక్షల 88 వేలమంది హాజరైరి. వారిలో నూటికి 99మందిని దాటుటకు మొత్తము మార్కులలో సగము కూడ అవసరము గాలేదు. ఈ చివరి వాక్యమును శ్రోతలు మనస్సున పెట్టుకొనవలెనని ప్రార్థన. నేను చెప్పదలచినదంతయు దాని చుట్టునే తిరుగును.

గణితభాగమునకు భయపడువారే పెద్దవారిలో ఎక్కువ. ఆ భయము నిరాధారము. అందు అడుగబడునది చాలవఱకు పదవ తరగతివఱకు మనము చదివి మఱచిన గణితమే. శాతములు, వడ్డీలు, నిష్పత్తులు, పనియు కాలమును, వేగమును దూరమును. రెండు నెలలు రోజుకొక గంట కూర్చున్నచో అది తిరిగి వచ్చును; కూడికలకు తెరమీద ఒక కాలిక్యులేటరును కూడ ఇచ్చుచున్నారు. రైలు ప్లాట్‌ఫారమును దాటుటకు ఎంత కాలము పట్టునను లెక్క లేని అభ్యాసపుస్తకమే లేదు. ఒకప్పుడు ప్రపంచములోకెల్ల పొడవైనదిగా పేరొందిన మా స్టేషను ప్లాట్‌ఫారము 1072 మీటర్లు, పైన అర మీటరు. గోరఖ్‌పూరును, హుబ్బళ్లియు దానిని దాటిపోయినవి గాని మా అభిమానము తగ్గలేదు. 428 మీటర్ల పొడవైన రైలు గంటకు 54 కిలోమీటర్ల వేగముతో దానిని దాటుటకు ఎంతసేపు పట్టును? అర మీటరును పక్కకు పెట్టినచో దూరము 1500 మీటర్లు, వేగము సెకనుకు 15 మీటర్లు, జవాబు 100 సెకన్లు. పదునాఱేండ్ల పిల్లవాడు దీనిని పావు నిమిషములో చేసి పోవును. రైల్వే ఉద్యోగి కలము పట్టుకొని ఆలోచించుచుండును: యార్డులో ఆ వేగమునకు అనుమతి యెక్కడిది, కాషన్ ఆర్డరు లేదా, పాయింట్ల వద్ద వేగము తగ్గింపవలదా? అతని జ్ఞానము సత్యమే. ఆ సత్యముతో ఆ లెక్కకు ప్రమేయము లేదు.

నేనెఱిగిన గృహస్థు ఒకరు, కార్ఖానాలో ఇంజనీరు, నలుబదికి దగ్గరపడుచున్నవారు, ఐ.ఐ.టి.లో చదువుచున్న గుంటూరు కుఱ్ఱవానిని ఆదివారములందు ఇంటికి పిలిపించుకొని పాఠము చెప్పించుకొనెడివారు. శిష్యునికంటె గురువు దాదాపు ఇరువదియేండ్లు చిన్న. గురువు శిష్యుని అంకుల్ అనును, శిష్యుడు గురువును బాబూ అనును, గృహిణి ఇరువురికిని సమానముగా పెసరట్లు పెట్టును. ఒకనాడు వారి నడుమ జరిగిన సంభాషణమును నేను విని యుంటిని.

"అంకుల్, ఆ లెక్క వదిలేయండి."

"ఎందుకు బాబూ? ఇంకో రెండు నిమిషాలిస్తే వచ్చేస్తుంది."

"వస్తుంది. కానీ ఆ రెండు నిమిషాల్లో కింద ఉన్నవి రెండు వస్తాయి."

"చూడు బాబూ, మా షాపులో ఒక్క బోల్టు బిగించకుండా వదిలేశామంటే ఏమవుతుందో నీకు తెలుసా?"

కుఱ్ఱవాడు ఏమియు అనలేదు. అనుటకు అతని వద్ద ఏమియు లేదు. ఆ మాటకు బదులు చెప్పవలెనన్న బోల్టులు బిగించిన అనుభవముండవలెను. కాని పెద్దవారి సన్నాహములోని అసలు చిక్కు అంతయు ఆ ఒక్క మాటలో ఇమిడియున్నది. ఉద్యోగధర్మమును నిష్ఠతో పాలించిన వానికి, ఎదుటనున్న పనిని పూర్తి చేయక లేచుట అనునది నీతిరాహిత్యముగా తోచును. ట్రేడు టెస్టులో ఇచ్చిన జాబు పూర్తి కానిదే నెగ్గుట లేదు. రూల్సు పరీక్షలో ఒక్క నియమము తెలియకపోయినను అది ప్రాణములతో చెలగాటము. అట్టి శిక్షణ పొందిన బుద్ధి ఈ క్రొత్త పరీక్ష ముందు కూర్చున్నప్పుడు మొదటి ప్రశ్ననుండి వరుసగా బిగించుకొనుచు పోవును. ఏడవ ప్రశ్న వద్ద పదునొకండు నిమిషములు పోగొట్టుకొనును. జవాబు వచ్చును, ఒప్పగును, తృప్తియు కలుగును. అంతలో గడియారము ఆగిపోవును. అడుగున మిగిలిన సులభప్రశ్నలను అతడు చూచియే యుండడు. ఇది తెలివి తక్కువతనము వలన కలిగిన ఓటమి గాదు. మంచి పనివాడగుట వలన కలిగినది.

సగము మార్కులు రాకుండగనే నూటికి 99మందిని దాటవచ్చునని ఇంతకుముందు మనవి చేసితిని గదా. ఈ పరీక్షను కూర్చువారు అన్నియు చేయగలవానిని వెదకుటలేదు. పరిమితమైన కాలములో దేనిని చేయవలెనో, దేనిని విడువవలెనో నిర్ణయింపగల వానిని వెదకుచున్నారు. ఆ కారణమున, ఈ చదువునకు నమూనాగా ఈ ఊరిలో ఎవరినైనను చూపవలసివచ్చినచో, నేను కార్ఖానాను గాక కంట్రోలు ఆఫీసును చూపుదును. సెక్షను కంట్రోలరు ఎదుట ఒక పటము ఉండును. దానిమీద మెయిలు, ఎక్స్‌ప్రెసు, లోకలు, గూడ్సు అన్నియు ఒకే పట్టాలమీదికి వచ్చుచుండును. బొగ్గు గూడ్సును అతడు లూపులో పెట్టి మెయిలుకు దారి ఇచ్చును. గూడ్సు అతనికి శత్రువు గాదు, దానిని మఱచిపోలేదు, మార్గము దొరకినప్పుడు వదలును, దొరకకపోయిన ఆ పూటకు అచ్చటనే నిలుపును. ఆ నిలుపుటకు అతని మనస్సు నొచ్చుకొనదు. పెద్దవారు ఈ పరీక్షకు ముందుగా నేర్చుకొనవలసినది ఈ నొచ్చుకొనకుండుట. రెండవ భాగమున ఇది మఱింత అవసరము; అందు నాలుగైదు చిక్కుముడులుండును, వానిలో రెండింటిని పూర్తిగా విప్పినవాడు సంతోషముగా ఇంటికి పోవచ్చును. కాని ఏ రెండు? దానిని నిర్ణయించుటకే మొదటి అయిదు నిమిషములను, కలము ముట్టుకొనక, చదువుటకు మాత్రమే ఖర్చు పెట్టవలెనని నా అభిప్రాయము. అయిదు నిమిషములు ఊరక పోయినవని పనివాని మనస్సు గోల పెట్టును. పెట్టనిండు.

ఊహించి గుర్తు పెట్టుటను గూర్చియు ఒక మాట. నాలుగు జవాబులలో నొకదానిని గ్రుడ్డిగా గుర్తించువానికి నాలుగింట ఒకసారి 3 మార్కులు వచ్చును, మూడుసార్లు ఒక్కొక్కటి పోవును. వచ్చినది పోయినది సమానము, మిగులు సున్న. ఒక జవాబు నిశ్చయముగా తప్పని త్రోసివేయగలిగినచో, ప్రశ్న ఒక్కింటికి సగటున మూడవవంతు మార్కు మిగులును. రెండింటిని త్రోసివేయగలిగినచో ఒక మార్కు మిగులును. లాటరీ టిక్కెట్టు ధైర్యముతోను, ధర్మశాస్త్రపు భయముతోను ఈ విషయమును తేల్చుకొనరాదు. లెక్క ఇంతే.

ఆంగ్లపఠనభాగమునకు వత్తును. ఇందు నాలుగు గద్యభాగములిచ్చి ఒక్కొక్కదానిపై నాలుగేసి ప్రశ్నలడుగుట ఇటీవలి వాడుక. మా ఊరివాడు ఇంటిలో తెలుగు, బజారులో బెంగాలీ, కార్ఖానాలో హిందీ మాటలాడుచు, ఆంగ్లమును సర్క్యులర్లలో మాత్రమే చదివిన వాడగుటచే ఈ భాగము కష్టమని అందఱు అనుకొందురు. భాష వలని కష్టము కొంత కలదు. రోజుకొక ఆంగ్ల సంపాదకీయమును నిదానముగా చదువువానికి ఆఱు నెలలలో అది చాలవఱకు తగ్గును. తగ్గని కష్టము వేఱొకటి కలదు. ఒక గద్యభాగము కార్మికుల సమ్మెలను గూర్చినదనుకొందము. వి.వి. గిరిగారు కార్మికనాయకులుగా నిలిచిన బెంగాల్ నాగపూర్ రైల్వే సమ్మెను గూర్చి తాతనోట విని పెరిగినవాడు, ఆ రోజులలో ఇంట బియ్యము లేని సంగతియు నాయనమ్మ నోట విన్నవాడు, ఆ గద్యమును చదువుచున్నప్పుడు రచయిత చెప్పిన దానిని చదువునా, తనకు తెలిసిన దానిని చదువునా? ప్రశ్న మాత్రము రచయిత అభిప్రాయమును అడుగును. అనుభవశాలి తన అభిప్రాయమును గుర్తించి వచ్చును. ఇరువదేండ్లవానికి ఈ ప్రమాదము తక్కువ. అతనికి సమ్మెలను గూర్చి ఇంకను అభిప్రాయమే లేదు. ఒక్కొక్క పేరా చివర ఆగి, "ఈయన ఇంతకూ ఏమన్నాడు?" అని పైకి అనుకొనుట ఒక ఉపాయము. ఇంటిలోనివారు నవ్వుదురు, నవ్వనిండు. పరీక్షాగృహమునకు పోవునాటికి ఆ ప్రశ్న పెదవి కదపకుండగనే మనస్సులో మెదలుట అలవాటగును.

ఇక కాలము. చదువవలసిన పుస్తకములు దొరకును, చెప్పువారు దొరకుదురు. 1992లో హైదరాబాదులో మొదలైన టైము అను సంస్థ మొదలుకొని దేశమంతటను శిక్షణసంస్థలు కొల్లలు, ఇప్పుడు పాఠము ఫోనులోనికే వచ్చుచున్నది. దొరకనిది రెండు గంటల అవిచ్ఛిన్నమైన కాలము. రాత్రి పదినుండి ఉదయము ఆఱువఱకు డ్యూటీ చేసివచ్చినవాడు పగలు చదువలేడు, నిద్రింపను లేడు. ఇంతకంటె కష్టము గృహిణిది. మా పేటలోనే ఖరగ్‌పూరు కాలేజీలో కామర్సు చదివి, పెండ్లియై, ఇద్దఱు బిడ్డలను స్కూలులో వేసి, తానును ఒక ప్రైవేటు బడిలో పాఠములు చెప్పుచున్న యొక యువతి ఈ పరీక్షకు చదువుచుండగా నేను గమనించితిని. ఆమెకు కాలము లేదనుట సరిగాదు. రోజు మొత్తము మీద మూడు గంటలు ఉండెను, అయితే అవి పదేసి నిమిషముల తునుకలుగా ఉండెను. కుక్కరు మూడవ కూత కూయునంతవఱకు ఒక తునుక, స్కూలు వ్యాను వచ్చువఱకు ఒక తునుక. ఆ తునుకలలో ఆమె శాతములు చేసెను, ఆంగ్లపదములు నేర్చెను, వానిలో ఆమెకు సాటివచ్చువారు అరుదు. కాని 120 నిమిషముల నమూనాపరీక్షను ఇంట కూర్చుండి ఒక్కసారియైన ఆగకుండ వ్రాయజాలకపోయెను. గ్యాసు బండవాడు పిలుచును. చిన్నది పలక పెన్సిలు అడుగును. అత్తగారు, "అమ్మాయ్, ఆ ఫోనులో ఏం చూస్తున్నావు, ఇలా రా" అందురు. అత్తగారి తప్పేమియు లేదు. తెరమీద పరీక్షయో సినిమాయో దూరమునుండి చూచువారికి తెలియదు గదా.

ఆమె చేసిన పని సామాన్యమైనదే గాని నాకు నచ్చినది. ఆదివారము మధ్యాహ్నము రెండు మొదలు నాలుగున్నర వఱకు తాను పరీక్షలో ఉందునని ఇంటిలో అందఱకు చెప్పి, ఆ వేళకు బిడ్డలను తండ్రితో పంపి, పక్కవీధిలోని పుట్టింటి మేడమీది గదిలోనికి పోయి తలుపు వేసికొనుట మొదలుపెట్టెను. పుట్టిల్లు అంత దగ్గర ఉండుట అందఱకు పట్టు భాగ్యము గాదని నేనెఱుగుదును. కాని చెప్పుట అనునది ఎవరి చేతనైనను అగును. పెద్దవారు పరీక్షకు చదువుచున్న సంగతిని దాచిపెట్టుట నాకు బొత్తిగా నచ్చని విషయము. దాచిన చదువునకు ఇంటిలో చోటుగాని వేళగాని దొరకదు. నమూనాపరీక్ష వ్రాయుట సగము పని, దానిని విప్పి చూచుకొనుట మిగిలిన సగము. తప్పిన ప్రశ్నలను ఒక నోటుబుక్కులో, తెలియక తప్పినవి ఒకచోట, తెలిసియు తొందరపాటున తప్పినవి ఒకచోట, అసలు ముట్టుకొనరానివి ముట్టుకొనుటచే తప్పినవి ఇంకొకచోట వ్రాసికొన్న వారికి నెల తిరుగునప్పటికి తమ స్వభావము కాగితముమీద కనబడును. మూడవ జాబితా పొడవుగా ఉన్నవారే పెద్దవారిలో ఎక్కువ.

దాచుటకు కారణము సిగ్గు. పిల్లవాని పదవ తరగతియు తన క్యాట్ పరీక్షయు ఒకే సంవత్సరమున వచ్చినచో ఎవరి ఫలితమును గూర్చి బంధువులు ముందడుగుదురో అని జంకు. ఆ యింజనీరుగారే కలకత్తాలో పరీక్షాకేంద్రపు గేటు వద్ద వరుసలో నిలుచుండగా, కావలివాడు మర్యాదగా ప్రక్కకు పిలిచి, గార్డియనులు రోడ్డు అవతల చెట్టు క్రింద కూర్చుండవచ్చునని చెప్పెనట. ఈయన అడ్మిటు కార్డు తీసి చూపెను. కావలివాడు కార్డుమీది బొమ్మను, ముఖమును రెండుసార్లు చూచి, సలాము చేసి లోపలికి పంపెను. ఆ సలాము దేనికో తనకు నేటికిని తెలియలేదని ఆయన నవ్వుచు చెప్పుచుందురు.

ఇక, ఈ శ్రమకు తగిన ఫలము కలదా అని అడుగువారికి నేను తియ్యని మాటలు చెప్పజాలను. పరీక్షకు వయఃపరిమితి లేదు గాని ఎన్నికకు ఉన్నట్లే యుండును. పెక్కు సంస్థలు క్యాట్ మార్కులతోపాటు పదవ తరగతి, ఇంటరు మార్కులను కూడ తూకమున వేయుదురు. పదునైదవ యేట మలేరియాతో పడకనుండి లేచి వ్రాసిన లెక్కల పరీక్ష ముప్పదియైదవ యేట ఎదురువచ్చి నిలుచును, దానిని ఇప్పుడెవ్వరును దిద్దజాలరు. ఉద్యోగానుభవమునకు మార్కులిత్తురు గాని అది కొన్ని యేండ్లు దాటిన తరువాత పెరుగుట మాని తగ్గుట మొదలిడును. ఇంజనీరింగు గాక వేఱు చదువు చదివినవారికిని, స్త్రీలకును కొన్ని సంస్థలు కొంత అదనముగా ఇచ్చుచున్నవి. ఆ లెక్కన ఇందాక చెప్పిన యువతికి ఆ ఇంజనీరుగారికంటె అవకాశము ఎక్కువ. పేరుపొందిన సంస్థలలో రెండేండ్ల చదువునకు రుసుము ఇరువది లక్షల రూపాయలు దాటినది. అప్పు చేసి చదివి ముప్పదియెనిమిదవ యేట బయటికి వచ్చినవానిని, ఇరువదినాలుగేండ్లవానికి ఇచ్చు ఉద్యోగమునకే పిలుతురు. ఆ ఉద్యోగము అతనికి సరిపడదు; ఆ సంగతి పిలుచువారికిని తెలియును.

కావున పదేండ్ల అనుభవము గలవారు ఏకాగ్రముగా క్యాట్ ఒక్కదానినే పట్టుకొని వ్రేలాడుట సరిగాదని నా నిశ్చితాభిప్రాయము. అనుభవజ్ఞులకొఱకే అహమ్మదాబాదు, కలకత్తా సంస్థలు ఒక సంవత్సరపు చదువును నడుపుచున్నవి. 2001లో హైదరాబాదులో ప్రారంభమైన ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ చదువును ఒక సంవత్సరమునదే. వానికి జీమ్యాట్ మార్కులు చెల్లును. ఆ మార్కులు అయిదేండ్లవఱకు నిలుచును. క్యాట్ వలె ఏడాదికి ఒక్క దినమున తలవ్రాత తేలదు. జీమ్యాట్ ఇప్పుడు మూడు భాగములు, భాగమునకు 45 నిమిషములు. అందు ప్రశ్నను ఖాళీగా విడిచి ముందుకు పోరాదు. విడుచుట అనగా ఏదో ఒక జవాబును గుర్తించి కదలిపోవుటయే, చివర కాలము మిగిలినచో భాగమునకు మూడు జవాబులవఱకు దిద్దుకొనవచ్చును. బోల్టు సిద్ధాంతము వారికి ఇది ఇంకను కష్టము.

ఉద్యోగము మానకుండ చదువదలచినవారు స్టడీ లీవు నియమములను ముందుగనే చూచుకొనవలెను. కేంద్రప్రభుత్వోద్యోగికి సర్వీసు మొత్తము మీద అది 24 నెలలకు మించదు. చదువునకును చేయు పనికిని దగ్గరి సంబంధముండవలెను. అనుమతి పత్రము పై అధికారి సంతకముతో రావలెను. పై అధికారి మీది కోపముతోనే ఈ చదువునకు పూనుకొన్నవారు కొందఱు కలరు. వారిని నేను ప్రోత్సహింపను. ఆ కోపము మూడవ నమూనాపరీక్షవఱకైనను నిలువదు, కాగా లీవు కాగితముమీద సంతకము చేయవలసినవాడు ఆ అధికారియే.

క్యాట్ పరీక్ష సాధారణముగా నవంబరు చివరి ఆదివారమున జరుగును. దరఖాస్తులు ఆగస్టు మొదటి దినములలో తీసికొన మొదలుపెట్టి సెప్టెంబరులో ముగింతురు. ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలమని మూడు విడతలుండును. మనకు ఏ విడత వచ్చునో మన చేతిలో లేదు. ఉదయపు విడత వచ్చినవారు ఇచ్చటనుండి 115 కిలోమీటర్ల దూరమునగల హావ్‌డాకు తెల్లవారుజామున లోకలు పట్టుకొనుటకంటె, ముందునాటి సాయంకాలమే పోయి బంధువుల ఇంట పడుకొనుట మేలు. గేటు మూసిన తరువాత రైలు ఆలస్యమైనదని చెప్పినచో, చెప్పువాడు రైల్వే ఉద్యోగియైనను వినరు. ఆ వారము రాత్రి డ్యూటీ పడినవారు ఇప్పటినుండియే సహోద్యోగితో మాటలాడి మార్పించుకొనవలెను. డిగ్రీ పత్రము, పదవ తరగతి మార్కుల జాబితా ఏ ట్రంకుపెట్టె అడుగున, ఎవరి పెండ్లి పట్టుచీర మడతలలో ఉన్నవో ఈ రాత్రియే వెదకి తీసి, పేరులోని అక్షరములు ఆధారు కార్డులోని అక్షరములతో సరిపోవునో లేదో చూచుకొనుడు. మన ఇంటిపేర్లను బెంగాలీ గుమాస్తాలు పదునైదేండ్ల క్రిందట ఎట్లు వ్రాసియుందురో చెప్పలేము. దిద్దించుటకు రెండు నెలలైనను పట్టును.